గరిక నాటిన చెయ్యి

పెంచలమ్మకు గరికంటే పగ. మామూలు పగ కాదు, దాయాదుల పగ. పొలం గట్టున గరిక పోచ కనబడిందంటే ఎక్కడికి పోతున్నదీ మరిచిపోయి వంగేది. తాడులా సాగే ఆ తీగను కణుపు తెగకుండా మొదలంటా లాగి, రాతి మీద ఎండలో పరిచి, అది ఎండి చిటపటమంటే గానీ అక్కణ్ణుంచి కదిలేది కాదు. "దీన్ని గట్టున పారేస్తే గట్టున బతుకుద్ది, నీళ్లల్లో పారేస్తే నీళ్లల్లో బతుకుద్ది. ఎండలో పెట్టి సంపాలమే" అని తన వెంట వచ్చే ఆడవాళ్లకు చెప్పేది. వినాయక చవితికి ఎవరైనా గరిక కావాలని అడిగితే తెచ్చి ఇచ్చేది గానీ, ఇచ్చేటప్పుడు మొహం అదోలా పెట్టేది. దేవుడి మీద ఆమెకు కోపమేమీ లేదు. ఇన్ని ఆకులుండగా ఆయనకు ఇదే ఎందుకు నచ్చిందో అంతుబట్టలేదంతే.

ఆమె పుట్టింది విడవలూరు పక్కన, కాలవ కింద, బురద తప్ప వేరే నేల ఎరగని పల్లెలో. పెళ్లి చేసుకుని బిట్రగుంట చేరింది. మొగుడు లోకోషెడ్డులో ఇంజన్లకు బొగ్గు ఎత్తే కూలీ. ఏళ్ల తరబడి మింగిన బొగ్గుపొడి దగ్గుగా మారి అతన్ని మంచానికి, మంచం నుంచి కాటికి చేర్చింది. ఉన్న ఒక్క కూతురినీ కోట వైపు ఇచ్చి పంపింది. ఇక ఆమెకు మిగిలింది రెండు చేతులూ, వాటికున్న పేరూ.

ఆ పేరు చిన్నదేం కాదు. చుట్టుపక్కల చెరువుల కింద వరి వేసే రైతులకు కలుపు అనగానే పెంచలమ్మ ముఠా గుర్తొచ్చేది. ఆడవాళ్లు వరసగా మునుం పట్టి వంగి సాగిపోతుంటే, అందరి కంటే ముందు కుడి చివర ఆమె ఉండేది. ఆమె నడిచిన మేర వరి తప్ప ఇంకేదీ మిగిలేది కాదు. ఊద గడ్డి వరి మధ్యలో వరి వేషం కట్టి నిలబడుతుంది, కొత్తవాళ్లు దాన్ని వదిలేసి వరిని పీకుతారు. పెంచలమ్మ చేతికి ఆ పొరపాటు లేదు. "నా మునుంలో కలుపు కనపడితే నా పేరు పెట్టి కుక్కను పిలవండి" అనేది. ఆ మాట అనడానికి ఆమెకు హక్కుంది, ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

రైల్వే కాలనీలో ఆమెకు పని ఉండేది కాదు. వరసగా కట్టిన ఎర్ర ఇటుకల క్వార్టర్లు, తెల్ల సున్నం కొట్టిన కొయ్య గేట్లు, గంటకోసారి షెడ్డు నుంచి వచ్చే పొగ. ఆ దారిన పొలాలకు పోతూ గేట్లలోంచి లోపలికి చూసేది, అంతే. వాటిల్లో ఒకటి గార్డు సమాధానం గారిది. గూడ్సు బండి వెనకాల పెట్టెలో పచ్చజెండా పట్టుకుని విజయవాడకీ గూడూరుకీ తిరిగే మనిషి. ఆయన భార్య కరుణాకుమారి అక్కడి చిన్నబడిలో టీచరు. వాళ్లకు ఒక్కతే కూతురు, రూతు. రెండో ఏట పోలియో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఎడమ కాలిలో సత్తువ లేకుండా పోయింది. ఇప్పుడా పిల్లకు ఏడో ఏడు.

ఆ ఇంటి ముందు నాలుగు పెద్ద చాపలు పరిచినంత పచ్చిక ఉండేది. అంతకు ముందు ఆ క్వార్టరులో ఉన్న ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య వేయించిన గడ్డి. ఆమె కాలనీ విడిచి వెళ్లిపోతూ, నీళ్లు పోయడం మరవొద్దని కరుణాకుమారికి చేతులు పట్టుకుని అప్పగించింది. కరుణాకుమారి మరవలేదు, ఎందుకంటే ఆ గడ్డి తన పిల్లకు బడి అయింది. రోజూ సాయంత్రం తల్లి చంకల కింద చేతులు వేసి నిలబెట్టేది, రూతు రెండడుగులు వేసి పడేది. పడితే మెత్తగా ఉండేది గనక నవ్వేది. నవ్వింది గనక మళ్లీ లేచేది. బడి నుంచి వచ్చేటప్పుడు గేటు దాటగానే తల్లి చంకలోంచి జారి, చాప మీదకు దూకినట్టు గడ్డి మీద బోర్లా పడటం ఆ పిల్లకు అలవాటు.

ఆ ఏడు ఎండాకాలం చివర రెండు వానలు పడేసరికి గడ్డి నిండా పల్లేరు పాకింది. పసుపు పూలు చూడటానికి ముద్దుగానే ఉంటాయి, వాటి కాయలకే నాలుగు వైపులా ముళ్లు. రూతు అరిచేతులూ మోకాళ్లూ గుచ్చుకుని పొక్కాయి. కరుణాకుమారి పీకింది, మళ్లీ వచ్చింది. మళ్లీ పీకింది, మళ్లీ వచ్చింది. చివరికి ఒకనాడు పొద్దున్నే దారిన పోతున్న పెంచలమ్మను గేటు దగ్గర ఆపింది.

"కలుపు తీయడంలో నీ అంతటిదాన్ని చూడలేదని అందరూ అంటారు పెంచలమ్మా. మా లాను చూడు ఎట్లా అయిందో. పిల్ల చేతులు చూడు."

పెంచలమ్మ రూతు చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. పసి అరిచేతుల నిండా ఎర్రటి గాట్లు. "అయ్యో తల్లీ, ఈ చేతుల్తోనా నువ్వు పాకేది?" అంది.

"లానులో కలుపనేది లేకుండా చెయ్యాలి. నేను బడి నుంచి వచ్చేసరికి ఒక్కటి కూడా కనపడకూడదు."

"మీరు నెమ్మదిగా పోయి రాండమ్మా. నాకు చెప్పినారు గదా, ఇంక మరిచిపోండి."

ఆ రోజు పెంచలమ్మ రైతుల పనికి పోలేదు. మాలకొండమ్మను, ఇంకో ఇద్దరిని పిలుచుకుని వచ్చింది. మాలకొండమ్మ ఆమె తర్వాత మునుం పట్టే మనిషి, ముఠాలో ఆమెకు కుడిభుజం. గేటు తీసుకుని లోపలికి రాగానే నలుగురూ ముక్కు మీద వేలేసుకున్నారు. పల్లేరు సరే, అక్కడక్కడా తుంగా సరే. అసలు నేలంతా గరికే! వాకిలి పొడుగునా చీమ దూరే సందు లేకుండా గరిక!

"ఎంత కాలం నించి పట్టించుకోలేదో పాపం! బడికి పోయే ఆయమ్మకు తీరికేడుంటది?" అంది మాలకొండమ్మ.

పెంచలమ్మ కొంగు బిగించింది. పుట్టి బుద్ధెరిగాక అంత గరికను ఒక్క చోట చూడలేదామె. శత్రువు ఇల్లు దొరికినట్టుంది. దోకుడుపార వేసి లేపారు, గునపంతో కణుపులు పెకలించారు, వేర్లు దులిపి మోపులు కట్టి రైలు కంచె పక్కన ఎండలో పరిచారు. పెంచలమ్మ మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో మిగిలిన తెల్లటి పీచులు కూడా గోళ్లతో ఏరింది. పిల్ల అరిచేతులే కళ్లముందున్నాయి మరి. మధ్యాన్నానికి నేల బోడిగా తేలింది. పైనంతా నల్లటి గరుకు. కాలనీ కట్టినప్పుడు పల్లం పూడ్చడానికి ఇంజన్ల పొయ్యిల్లోంచి తీసి పోసిన బొగ్గుచిట్టెం అది, కాలి గట్టిపడ్డ పెంకులు. చీపురుతో ఊడ్చారు. పేడనీళ్లు చల్లారు. శుభ్రమైన వాకిలిని ఉత్తగా వదిలి పోవడం ఏ ఇంటి ఆడదానికి చేతనవుతుంది? పెంచలమ్మ ముగ్గు కూడా వేసింది. వేసి, గోడవార నిలబడి వాళ్ల కోసం ఎదురుచూసింది. మెచ్చుకుంటుంటే విందామని మనసులో ఉన్న మాట నిజం.

బడి వదిలారు. తల్లి చంకలో పిల్లతో వచ్చి గేటు తీసింది. వెనక్కి తిరిగి గడియ వేస్తోంది. రూతు ఎప్పటిలాగే చంకలోంచి జారి, ఎప్పటిలాగే కింద చూడకుండా చేతులు చాపి దూకింది.

ఆ చప్పుడు పెంచలమ్మ తర్వాత ఎన్నాళ్లు విన్నదో చెప్పడం కష్టం. పిల్ల గడ్డం పగిలింది. ముగ్గు మీద రక్తం. ఏడుపు కూడా వెంటనే రాలేదు, ఊపిరి బిగిసిపోయి కళ్లు తేలేసింది. కరుణాకుమారి పిల్లను ఎత్తుకుని, అప్పుడు చూసింది వాకిలిని.

"గడ్డేదీ? నా గడ్డేది పెంచలమ్మా?"

"మీరే గదమ్మా కలుపు లేకుండా తియ్యమన్నారు? ఒక్క పోచ మిగల్చలా."

"కలుపు తియ్యమన్నాను. లాను తియ్యమన్నానా?"

పెంచలమ్మ చుట్టూ చూసింది. లానంటే జాగా పేరనుకుంది ఆమె. కళ్లం, దొడ్డి, పెరడు ఉన్నట్టు రైల్వేవాళ్లకు లాను. అది యాడికి పోతుంది?

"లాను ఇదిగో, ఈడనే ఉండాది గదమ్మా" అని కాలితో నేల చూపించింది.

కరుణాకుమారి మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచింది. "పో! ఇంక మా గేటు తొక్కొద్దు. పో ఇక్కణ్ణుంచి!" అని, పిల్లను భుజాన వేసుకుని రైల్వే ఆస్పత్రికి పరుగెత్తింది.

గరికను ఎవరైనా కావాలని పెంచుకుంటారనీ, దానికి నీళ్లు పోస్తారనీ, దాని మీద పిల్లలు ఆడతారనీ పెంచలమ్మకు ఆ సాయంత్రం మాలకొండమ్మ ఎవరినో అడిగొచ్చి చెబితే తెలిసింది. మర్నాడు రైలు కంచె దగ్గరికి పోయి, తను పరిచిన మోపులను తిరగేసి చూసింది, ఒక్క కణుపన్నా పచ్చిగా ఉందేమోనని. ఒక్కటీ లేదు. చంపడం ఆమెకు అంత బాగా వచ్చు.

రూతు గడ్డం కింద కుట్లు పడ్డాయి, గాయం మానింది. పిల్ల మాత్రం కింద కాలు పెట్టనంది. కొన్నాళ్లకు మద్రాసు డాక్టర్లు కాలికి ఆపరేషను చేస్తామన్నారు. తర్వాత ఇనప పట్టీ కట్టి, చంక కర్రలిచ్చి నడిపిస్తామన్నారు. కరుణాకుమారి సెలవు పెట్టి పిల్లను తీసుకుని మద్రాసులో చెల్లెలింటికి వెళ్లింది. మళ్లీ వచ్చేది పంటలు కోసే రోజులకే.

వాళ్లు వెళ్లిన వారంలోనే, డ్యూటీ దిగి వచ్చిన గార్డు సమాధానం గారికి గేటు బయట తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న పెంచలమ్మ కనపడింది. తట్ట నిండా తడిగుడ్డ కప్పిన గరిక.

"అమ్మగారు గేటు తొక్కొద్దన్నారు సారూ. అందుకని ఈడనే కూసోనుండా."

"ఆ తట్టలో ఏంది?"

"గరిక. చెరువు కట్ట మీద తెచ్చినా. మీరు ఊ అంటే నాటతా."

ఆయన కోటు విప్పి భుజాన వేసుకుని గేటు మీద చేతులానించాడు. "డాక్టరు ఏమన్నాడో చెప్పేదా? ఆపరేషను సగమేనంట. తర్వాత పిల్ల పడతా లేస్తా నేర్చుకోవాలంట. దెబ్బ భయం మనసులో కూర్చుంటే ఇంక నిలబడదంట."

"నిలబడకపోతే?"

"నిలబడకపోతే ఏముంది, కుర్చీలో పెట్టి తోసుకోవడమే. బతికినన్నాళ్లూ."

పెంచలమ్మ తట్ట ఎత్తుకుని లేచింది. ఆయన గేటు తీశాడు. "ఆమె వచ్చేసరికి ఇక్కడ గడ్డి లేకపోతే, నీతోపాటు నేను కూడా గేటు బయటే" అన్నాడు. నవ్వించాలని అన్న మాటే గానీ ఇద్దరూ నవ్వలేదు.

చిట్టెం మీద గరిక కూడా మెత్తగా పెరగదని ఆమెకు నాటకముందే అర్థమైంది. నేల గుల్ల చేసి, పెద్ద పెంకులన్నీ ఏరి కంచె అవతల పోసింది. ఎండిన చెరువులోంచి ఒండ్రు తెచ్చి మందంగా పరిచింది. పొద్దున పొలం పని, పొద్దు వాలితే నెత్తిన మట్టితట్ట. మొదట్లో మాలకొండమ్మ కూడా రెండు తట్టలు మోసింది, తర్వాత మానుకుంది. "గరిక నాటతా ఉండామని ఎవురన్నా ఇంటే నగుబాటుమే" అంది.

వాన పడిన మర్నాడు పెంచలమ్మ నాట్లు వేసింది. గరికకు నాటు వేయడమనేది ఎవరూ నేర్పని పని గనక, వచ్చిన పనినే వాడుకుంది. కణుపులు పేడనీళ్లలో ముంచి, వరినారు పట్టుకున్నట్టు ఎడమచేత కట్ట పట్టుకుని, వంగి, కుడిచేత్తో గుచ్చుకుంటూ, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ గోడ నుంచి గేటు దాకా వచ్చింది. జన్మంతా పీకిన చెయ్యి, గుచ్చిన కణుపును మొదట్లో వదలనంది. కాలనీ ఆడవాళ్లు వరండాల్లో నిలబడి చూశారు. వరిలాగా సాళ్లు పెట్టి గరిక నాటే మనిషిని చూసి నవ్వు ఆపుకోవడం ఎవరికైనా కష్టమే, వాళ్లనేం అనగలం?

అయితే మొదట లేచింది గరిక కాదు, తుంగ. ఒండ్రుతో పాటు తుంగగడ్డలూ వచ్చాయని ఆమెకు తట్టలేదు. వారం తిరిగేలోపు సాళ్ల మధ్య మూడు పలకల కాడలు బల్లేల్లా నిలబడ్డాయి. తుంగను పీకితే కాడే చేతికొస్తుంది. గడ్డ లోపలే నవ్వుకుంటూ ఉండి, ఒకటికి రెండు మొలకలు పంపుతుంది. ఆ గడ్డను తవ్వితే దాని నుంచి దారంలాంటి వేరు ఇంకో గడ్డకు, అక్కణ్ణుంచి ఇంకో గడ్డకు. తొందరపడితే దారం తెగుతుంది, తెగిందంటే అవతలి గడ్డ ఎక్కడుందో దొరకదు. పెంచలమ్మ బోర్లా పడుకున్నట్టు వంగి, మేకుతో మట్టి తోడుతూ, గరిక వేరు కదలకుండా తుంగ దారం పట్టుకుని పోయేది. గరికను కాపాడుకుంటూ కలుపు తీయడం! చేతులు అలవాటు కొద్దీ గరిక మీదికే పోయేవి. ఒకసారి మాటల్లో పడి పిడికెడు గరిక పీకేసి, చూసుకుని, మళ్లీ అక్కడే గుచ్చి, కన్నబిడ్డను కొట్టినట్టు కుమిలిపోయింది.

ఈలోగా వరికి కలుపు రోజులొచ్చాయి. పెద్ద రైతు పద్మనాభయ్య గారి చేలోకి ముఠా దిగబోతుంటే ఆయన గట్టు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగు పెంచలమ్మా. కాలనీలో గరిక నాటతా ఉండావంట, నిజమేనా?"

"నిజమే సామీ. పసిబిడ్డ కోసరం."

"ఎవరి కోసరమైనా గానీ, గరిక నాటిన చెయ్యి నా చేలో పెట్టొద్దు. పైరుకు మంచిది కాదు. ఆ పని మానేసి రా, ఎప్పటి మాదిరి ముందు నువ్వే నిలబడు."

ఇరవై ఏళ్లు ఆయన చేను కాపాడిన చేతులు. వాటిని ఆమె ఒకసారి చూసుకుంది. ముఠా అంతా తలలు వంచుకుంది. మాలకొండమ్మ కూడా. కాసేపటికి మాలకొండమ్మే పోయి కుడి చివర నిలబడింది, ఎవరో ఒకరు నిలబడాలి గదా. మునుం కదిలింది. ఆమె లేకుండా కదిలిన మొదటి మునుం అది. పెంచలమ్మ గట్టు దిగి, ఎవరూ కనపడనంత దూరం నడిచి, కాలవ ఒడ్డున కూర్చుని ఏడ్చింది. తల తీసేసినట్టుంది ఆమెకు. చుట్టూ ఉన్న గట్లన్నిటి మీదా గరిక. అది ఎవరినీ అడక్కుండా మొలుస్తుంది, తను నాటిన వాకిట్లో మాత్రం బతిమాలించుకుంటోంది. ముక్కు చీదుకుని లేచింది. లేచి కాలనీకే పోయింది. ఆ తర్వాత పద్మనాభయ్య గారి మాట మిగతా రైతులకూ పాకింది. ఆమె ఎవరినీ బతిమాలలేదు.

మాఘమాసంలో కరుణాకుమారి కూతురితో రైలు దిగింది. గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గోడ నుంచి గేటు దాకా ఒకే పచ్చదనం. సాళ్లు ఎప్పుడో కలిసిపోయాయి. ఆమె చెప్పులు విడిచి అడుగు పెట్టి, వంగి అరిచేత్తో తడిమింది. ముల్లు లేదు, తుంగ లేదు, రాయి లేదు. గోడవార ఒదిగి నిలబడ్డ పెంచలమ్మ వైపు చూసింది. కళ్లనీళ్లు తిరిగాయి. గేటు గడియ వేయకుండా వదిలేసి లోపలికి వెళ్లింది. పెంచలమ్మకు అది చాలు.

ఆమెకు చాలినా, పిల్లకు చాలలేదు. రూతు కాలికి తోలుపట్టీల ఇనప కమ్మీలు, చంకల కింద కర్రలు. మెట్టు మీద కూర్చునేది, గడ్డి వైపు చూసేది, కిందికి దిగేది కాదు. తల్లి బతిమాలింది, తండ్రి బుజ్జగించాడు, బొమ్మలు కొనిపెడతామన్నారు. ఊహూ. రోజులు పోతున్నాయి. డాక్టరు చెప్పిన మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఒకరోజు సమాధానం గారు తోపుడు కుర్చీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి పోతున్నానని భార్యతో అనడం పెంచలమ్మ చెవిన పడింది.

ఆ సాయంత్రం పెంచలమ్మ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది.

"దిగమ్మా. మెత్తగా ఉండాది."

రూతు గడ్డం కింది మచ్చను వేలితో తడుముకుంది. "కింద రాళ్లున్నాయి అవ్వా."

"లేవు తల్లీ. నేనే ఏరేసినా."

"అప్పుడు కూడా లేవనుకున్నా."

పిల్లకు మాట మీద నమ్మకం పోయింది, పోగొట్టింది తనే. ఇంక మాటలతో పని లేదనుకుంది. లేచి పచ్చిక మధ్యకు నడిచింది.

"ఇట్టా చూడు" అని, ముందుకు తూలి పడింది. చేతులు ఆనించుకుని, మెల్లగా. తలెత్తి నవ్వింది. "చూసినావా? ఏమీ కాలా."

రూతు నవ్వలేదు. జాగ్రత్తగా ఆలోచించింది. "నువ్వు చేతులు పెట్టావు అవ్వా. నా చేతుల్లో కర్రలుంటాయి కదా. నాకు చేతులుండవు."

వరండాలో నిలబడ్డ కరుణాకుమారి పెదవి కొరుక్కుంది. "వద్దులే పెంచలమ్మా, దాన్ని వదిలెయ్. రేపు చూద్దాం" అంది.

"ఉండండమ్మా."

పెంచలమ్మ లేచింది. చీర కొంగు వెనక్కి తీసి, రెండు చేతులూ నడుం వెనకాల దాన్లో చుట్టుకుంది. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఎన్నో ఏళ్లు వంగిన నడుం, అరిగిన ఎముకలు. పిల్ల వైపు ఒకసారి చూసి, చెట్టు కూలినట్టు పక్కకు పడిపోయింది.

తుంటి దగ్గర ఏదో పుటుక్కుమంది. అది ఆమెకు ఒక్కదానికే వినిపించింది. నొప్పి తొడలోంచి నడుంలోకి, నడుంలోంచి నెత్తికి ఎక్కింది. అరుపు గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేసింది. చెంప గరిక మీద ఆనించి, కళ్లు మూసుకుంది.

"అవ్వా! దెబ్బ తగిలిందా?"

పెంచలమ్మ కళ్లు తెరిచింది. పిల్ల మెట్టు అంచుకు జరిగి, మెడ చాపి చూస్తోంది. ఆ కళ్లల్లో భయం ఉంది, భయం వెనకాల ఇంకేదో కూడా ఉంది.

"లేదు తల్లీ" అంది. "దూది మీద పడినట్టుండాది. లేవబుద్ధి కాక పడుకోనుండా."

రూతు కర్రలు తీసుకుంది. మెట్టు దిగింది. ఇనప కమ్మీ కిర్రుమంది. ఒకడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది, మూడోది తడబడింది. కరుణాకుమారి కెవ్వున అరిచి పరుగెత్తబోయి, స్తంభం పట్టుకుని ఆగింది. పిల్ల కర్రలతో సహా బోర్లా పడింది.

గడ్డిలో మొహం పెట్టుకుని ఆ పిల్ల కదల్లేదు. తర్వాత భుజాలు కదిలాయి. తలెత్తితే మొహం నిండా నవ్వు, ముక్కు మీద గరిక పోచ.

"నిజమే అవ్వా! తగల్లేదు! అమ్మా, నాకు తగల్లేదు!"

కరుణాకుమారి కూలబడి ఏడుస్తోంది. పెంచలమ్మ కళ్లల్లోంచి కూడా నీళ్లు కారి గడ్డిలోకి పోతున్నాయి. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుంది కరుణాకుమారి. అందులో సంతోషం కూడా ఉంది, అది అబద్ధం కాదు.

"అవ్వా, లే! నువ్వు కూడా లేచి మళ్లీ పడు!"

పెంచలమ్మ కాలు కదపబోయింది. కాలు తనది కానట్టుంది. ఇంక చేలో వంగే యోగం తనకు లేదని ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది. కొంగులో చుట్టుకున్న చేతులు మెల్లగా విడిపించుకుని, ఒక చెయ్యి పిల్ల వైపు ఊపింది.

"నేను ఈడనే పడుకోని చూస్తా గానీ, నువ్వు లే. లేచి ఇంకో తూరి పడు తల్లీ."

రూతు కర్రలు వెతుక్కుని, ఆనించి, లేచి నిలబడింది.